శూన్యంలో ఏమీ లేకపోతే కాంతి దేన్ని పట్టుకుని వస్తోంది?

ప్రశ్నార్థకం
మా పాప ఏడో తరగతి. నిన్న రాత్రి సైన్స్ చదువుకుంటూ ఒక ప్రశ్న అడిగింది. అప్పట్నుంచీ నా బుర్రలో అదే తిరుగుతోంది. "అమ్మా, శబ్దానికి గాలి కావాలి, శూన్యంలో శబ్దం పోదు అని ఇక్కడ రాసుంది. సూర్యుడికీ మనకీ మధ్య ఉన్నదీ శూన్యమే కదా, మరి వెలుగు ఎలా వస్తోంది?"

డిగ్రీ వరకు ఫిజిక్స్ చదివినదాన్ని కాబట్టి "కాంతి విద్యుదయస్కాంత తరంగం, దానికి మాధ్యమం అక్కర్లేదు" అని వెంటనే చెప్పేశాను. అది కాసేపు ఆలోచించి, "అక్కర్లేదంటే ఎందుకు అక్కర్లేదు? తరంగం అంటే ఏదో ఒకటి ఊగాలి కదా, అక్కడ ఏం ఊగుతోంది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నేను చదువుకునే రోజుల్లో ఇదే ప్రశ్న అడిగితే "ఇది పరీక్షలో రాదు, కూర్చో" అన్నారు. ఆ మాట నా కూతురితో నేను అనదలచుకోలేదు. పేర్లు కాకుండా విషయం చెప్పగలిగినవాళ్లు ఎవరైనా చెప్పండి.

రెండో_బెంచి
కాంతి అంటే ఫోటాన్లు కదా, కణాలు. బంతి విసిరితే గాలి ఉన్నా లేకపోయినా పోతుంది. ఇదీ అంతే. దీనికి ఇంత టెన్షన్ ఎందుకండీ?

లెక్కల_మాస్టారు
రెండో బెంచి గారూ, అంత తేలిగ్గా తప్పించుకోలేం. 1800ల మొదట్లో థామస్ యంగ్ కాంతిని రెండుగా చీల్చి మళ్లీ ఒకే చోట పడేలా చేసి చూపించాడు. కొన్ని చోట్ల వెలుగు పెరిగింది, కొన్ని చోట్ల చీకటి చారలు పడ్డాయి. వెలుగుకి వెలుగు కలిపితే చీకటి! ఒక బంతికి ఇంకో బంతి కలిపితే బంతులు మాయమవుతాయా? అలా కొట్టేసుకోవడం తరంగాలకే సాధ్యం. కాబట్టి పాప అడిగింది సరైన ప్రశ్నే. ఏం ఊగుతోంది?

రెండో_బెంచి
కానీ మాస్టారూ, ఒక్కొక్క ఫోటాన్ చొప్పున పంపినా తెర మీద చుక్కలు చుక్కలుగానే పడతాయి కదా? అది కణం కాదా?

లెక్కల_మాస్టారు
చుక్కగానే పడుతుంది, నిజమే. కానీ వేల చుక్కలు పడ్డాక చూస్తే అవే చారలు తేలతాయి. అంటే పడేటప్పుడు కణంలా, ప్రయాణంలో తరంగంలా లెక్క కుదురుతుంది. ఫోటాన్ అన్నంత మాత్రాన తరంగం ఎక్కడికీ పోలేదు.

ల్యాబ్_గది
సిద్ధాంతం మీరు తేల్చుకోండి, నేను కళ్లారా చూసింది చెప్తాను. నేను ల్యాబ్ అసిస్టెంట్‌ని. గాజు జాడీలో గంట పెట్టి పంపుతో గాలి లాగేసే ప్రయోగం ఏటా చేయిస్తాం. పదిహేడో శతాబ్దంలో రాబర్ట్ బాయిల్ కాలం నుంచీ వస్తున్న ప్రయోగమే. ఒకసారి మా దగ్గర గంట పాడైపోయింది. ఒక పాత బటన్ల ఫోన్‌ని జాడీలో దారంతో వేలాడదీశాం. కింద పెట్టకూడదు, పెడితే శబ్దం బల్లలోంచి వచ్చేస్తుంది. పంపు ఆన్ చేసి, బయటి నుంచి ఆ నంబరుకి కాల్ చేశాం.

మొదట రింగు గట్టిగా వినిపించింది. గాలి పోతున్నకొద్దీ పక్క గదిలో మోగుతున్నట్టు, తర్వాత ఎక్కడో దూరంగా మోగుతున్నట్టు. చివరికి చెవి గాజుకి ఆనిస్తే తప్ప ఏమీ లేదు. కానీ ఫోన్ స్క్రీన్ మాత్రం వెలుగుతూనే ఉంది! ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

అప్పుడు ఒక అమ్మాయి అడిగింది: "సార్, కాల్ లోపలికి ఎలా వెళ్లింది?" అప్పటిదాకా నాకూ తట్టలేదు. స్క్రీన్ వెలుగు శూన్యం దాటి బయటికి వస్తోంది, కాల్ తెచ్చిన రేడియో తరంగం అదే శూన్యం దాటి లోపలికి వెళ్తోంది. రెండూ ఒకే జాతి. ఆగిపోయింది శబ్దం ఒక్కటే.

ప్రశ్నార్థకం
ల్యాబ్ గది గారూ, ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. దాటుతోందని ఇప్పుడు ఒప్పుకున్నాను. ఎలా దాటుతోందో ఇంకా తెలియలేదు.

పగటిచుక్క
ఇంట్లోనే చూపించాలంటే ఫ్లాస్కు ఉంది కదా. లోపల రెండు గాజు గోడలు, వాటి మధ్య గాలి తీసేస్తారు. గాలి లేదు కాబట్టి వేడి అటూ ఇటూ పోవడానికి దారి మూసుకుపోయినట్టే. మరి ఆ గోడలకి అద్దంలా వెండిపూత ఎందుకు వేస్తారు? వేడి పరారుణ కిరణాల రూపంలో ఆ శూన్యాన్ని కూడా దాటేస్తుంది కాబట్టి! దాన్ని వెనక్కి తిప్పడానికే పూత. పరారుణం కూడా కాంతి కుటుంబమే, కంటికి కనబడదు అంతే. మా ఇంట్లో ఒకటి పగిలినప్పుడు ఆ మెరుపు ముక్కలు ఏరుతూ ఇదే ఆలోచించాను.

అర్ధరాత్రి_రేడియో
ఇక "ఏం ఊగుతోంది" దగ్గరికి వద్దాం. నాకు ఇది అర్థమైన దారి చెప్తాను.

ఒక అయస్కాంతం, కొంచెం దూరంలో ఒక గుండుసూది. సూది లేచి అతుక్కుంటుంది. ల్యాబ్ గది గారి జాడీలో గాలి తీసేసి ఇదే చేసినా అతుక్కుంటుంది. అంటే అయస్కాంతం ప్రభావం చుట్టూ పరుచుకోవడానికి గాలి అక్కర్లేదు. ఆ పరుచుకున్నదాన్నే క్షేత్రం అంటాం, ఫీల్డ్. ఇక్కడిదాకా ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇప్పుడు ఆ అయస్కాంతాన్ని కొంచెం కదిపాననుకోండి. దూరంగా ఉన్న సూదికి ఆ సంగతి ఎప్పుడు తెలుస్తుంది? అదే క్షణంలో తెలియదు. క్షేత్రంలో వచ్చిన మార్పు కబురులా బయటికి పాకుతూ పోవాలి. ఆ కబురు పోయే వేగమే సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. అయస్కాంతాన్ని గానీ, విద్యుదావేశాన్ని గానీ అటూ ఇటూ ఊపుతూనే ఉంటే కబురు మీద కబురు పోతూనే ఉంటుంది. అదే తరంగం. నా ఏరియల్‌లో ఎలక్ట్రాన్లు ఊగితే రేడియో. సూర్యుడి ఉపరితలం దగ్గర వేడికి ఆవేశాలు అతలాకుతలమైతే ఎండ.

ఊగేది పదార్థం కాదు, క్షేత్రం బలం. ఒక చోట పెరుగుతుంది, తగ్గుతుంది, దిశ తిరగబడుతుంది. అక్కడ కదిలి పక్కకు జరిగే వస్తువేదీ లేదు.

రెండో_బెంచి
ఇది బాగుంది. కబురు అన్న మాట పట్టుకుంటే సగం దారి అయిపోయింది.

కొలబద్ద
చిన్నది చేరుస్తాను. మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుందని ఫారడే 1831లో చూపించాడు. దానికి ఎదురు సగం మాక్స్‌వెల్ కలిపాడు, మారే విద్యుత్ క్షేత్రం కూడా అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుందని. ఇది దాన్ని, అది దీన్ని పుట్టించుకుంటూ మెట్లెక్కినట్టు ముందుకు పోతాయి. అందుకే బయటి ఆసరా అక్కర్లేదు.

లెక్కల_మాస్టారు
కొలబద్ద గారూ, ఒక్క దిద్దుబాటు. "ముందు ఇది, తర్వాత అది" అని మెట్లలా ఊహించుకుంటే తప్పు. శూన్యంలో పోయే తరంగంలో రెండూ ఒకేసారి పెరుగుతాయి, ఒకేసారి సున్నా అవుతాయి. వంతులవారీ ఆట కాదు. చాలా బొమ్మల్లో దీన్ని తప్పుగానే గీస్తారు. రెండూ విడదీయలేని జంట అనుకోండి, చాలు.

కొలబద్ద
ఒప్పుకుంటున్నాను మాస్టారూ. నేను ఇన్నాళ్లూ మెట్లలాగే ఊహించుకుంటున్నాను.

శూన్యవాది
నాకో పేచీ ఉంది. క్షేత్రం అన్నిచోట్లా, ఏమీ లేని చోట కూడా పరుచుకుని ఉంది, దాంట్లో తరంగాలు పోతాయి అంటున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో దీన్నే ఈథర్ అన్నారు. మన పాత తర్కంలో శబ్దాన్ని ఆకాశానికి గుణంగా చెప్పారు, అక్కడా అదే ఆలోచన, గుణానికి ఒక ఆధారం ఉండాలని. ఈథర్ లేదని చెప్పి, వెనక గుమ్మంలోంచి క్షేత్రం అని పేరు మార్చి మళ్లీ తెచ్చారు. తేడా ఏంటి?

అర్ధరాత్రి_రేడియో
ఈ చర్చ మొత్తంలో గట్టి ప్రశ్న ఇదే. తేడా ఉంది, అది కొలిచి చూసిన తేడా.

ఈథర్ అంటే గాలిలాంటి ఒక పదార్థం. అదే ఉంటే దానికి ఒక "నిలకడ" ఉంటుంది, దాంట్లో మనం ఎంత వేగంగా పోతున్నామో చెప్పగలగాలి. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్లు తిరుగుతోంది. బండి మీద పోతుంటే మొహానికి గాలి కొట్టినట్టు భూమికి ఈథర్ గాలి కొట్టాలి. ఆ గాలికి ఎదురు పోయే కాంతికీ, అడ్డంగా పోయే కాంతికీ పట్టే సమయాల్లో కాస్త తేడా రావాలి.

1887లో మైకెల్సన్, మోర్లీ అదే కొలిచారు. పెద్ద రాతి పలకని పాదరసం మీద తేల్చి, దాని మీద అద్దాలు అమర్చి, కాంతిని రెండు దారుల్లో పంపి, మళ్లీ కలిపితే పడే చారల్ని పలకని మెల్లగా తిప్పుతూ చూశారు. చారలు దాదాపు 0.4 చార మేర జరగాలని లెక్క. వాళ్లకి కనబడింది అందులో చిన్న పిసరు కూడా కాదు, కొలతలో వచ్చే పొరపాటంత. ఈథర్ గాలి లేదు.

క్షేత్రం అలా కాదు. దానికి నిలకడా లేదు, వేగమూ లేదు. మీరు ఎంత వేగంగా పోతూ కొలిచినా శూన్యంలో కాంతి వేగం అంతే వస్తుంది. 1905లో ఐన్‌స్టయిన్ తన సాపేక్షతా సిద్ధాంతాన్ని ఇక్కడి నుంచే మొదలుపెట్టాడు.

శూన్యవాది
అయితే ఐన్‌స్టయినే 1920లో లైడెన్ ప్రసంగంలో ఈథర్ అన్న మాటని మళ్లీ వాడాడు కదా?

లెక్కల_మాస్టారు
వాడాడు. కానీ ఏ అర్థంలో? స్థలానికి సొంత గుణాలు ఉన్నాయి, దాన్ని ఈథర్ అనండి కావాలంటే, కానీ అది కదులుతోంది, నిలిచి ఉంది అన్న మాటలు దానికి వర్తించవు అన్నాడు. మీ పేచీలో సగం నిజముంది. "ఏమీ లేదు" అనే మాట భౌతికశాస్త్రంలో ఉత్త ఖాళీ కాదు. పదార్థం లేదు, అంతే. క్షేత్రం అనేది అక్కడ ఉండనే ఉంటుంది.

శూన్యవాది
సరే. పేరు కాదు, నిలకడ లేకపోవడమే తేడా అన్నమాట. ఇది నాకు ఎవరూ ఇంతవరకూ చెప్పలేదు.

లెక్కల_మాస్టారు
ఇక్కడ ఒకటి చెప్పకుండా ఉండలేను. క్యాలిక్యులేటర్ తీయండి, నేనూ మళ్లీ చేస్తున్నాను.

విద్యుత్తుకి ఒక స్థిరాంకం ఉంది. శూన్యంలో ఆవేశాలు ఒకదాన్నొకటి ఎంత బలంగా లాగుతాయో దాన్నిబట్టి తెలుస్తుంది: 8.854, పక్కన 10కి మైనస్ 12 ఘాతం. అయస్కాంతానికి ఇంకొకటి, కరెంటు పోయే రెండు తీగల మధ్య లాగుడు నుంచి తెలుస్తుంది: 1.2566, పక్కన 10కి మైనస్ 6 ఘాతం. ఈ రెండు అంకెల్లో ఎక్కడా కాంతి ఊసు లేదు, దీపం లేదు, సూర్యుడు లేడు. రెండూ గుణించండి. వర్గమూలం తీయండి. 1ని దాంతో భాగించండి.

29,98,00,000 దగ్గర ఆగుతుంది. సెకనుకి మీటర్లలో. కాంతి వేగం!

1860ల మొదట్లో మాక్స్‌వెల్‌కి కనబడింది ఇదే. వెబర్, కోల్‌రౌష్ చేసిన విద్యుత్ కొలతల నుంచి అతనికి సెకనుకి దాదాపు 3,10,000 కిలోమీటర్లు వచ్చింది. 1849లో ఫిజో పళ్ల చక్రం తిప్పి కాంతి వేగాన్ని నేరుగా కొలిస్తే దాదాపు 3,15,000 వచ్చింది. ఇంత దగ్గరగా రావడం కాకతాళీయం కాదు, కాంతి అంటే విద్యుదయస్కాంత తరంగమే అని అతను పట్టేశాడు. 1887, 88ల్లో హెర్ట్జ్ ప్రయోగశాలలో నిప్పురవ్వలతో అలాంటి తరంగాన్నే తయారు చేసి చూపించాడు.

నేను మొదటిసారి ఈ లెక్క చేసిన రాత్రి అంకె తప్పు కొట్టానేమో అని మూడుసార్లు చేశాను. ఇప్పటికీ పిల్లలతో చేయిస్తే తరగతిలో ఎవరో ఒకరు "అరె!" అంటారు. ఆ "అరె" కోసమే చేయిస్తాను.

కొలబద్ద
అరె! నిజంగానే వచ్చింది.

ప్రశ్నార్థకం
నాకూ వచ్చింది. ఈ రెండు స్థిరాంకాలూ బట్టీ పట్టి పరీక్ష రాశాను, ఎవరూ ఒక్కసారి గుణించమనలేదు.

పగటిచుక్క
నా సందేహం వేరే. దారి పొడవునా ఏదీ తోయకపోతే కాంతి మధ్యలో అలసిపోదా?

రెండో_బెంచి
అలిసేలా చేయడానికి కూడా అక్కడ ఏమీ లేదు కదండీ. ఇది మాత్రం బంతిలాంటిదే, నన్ను అననివ్వండి.

అర్ధరాత్రి_రేడియో
ఈసారి రెండో బెంచి గారిదే పైచేయి. శూన్యంలో కాంతిని మింగేదీ చెదరగొట్టేదీ లేదు. దూరం పోయేకొద్దీ మసకబారేది పరుచుకోవడం వల్ల. దూరం రెండింతలైతే అదే వెలుగు నాలుగింతల వైశాల్యం మీద పడుతుంది, కాబట్టి ఒక్కో చోట నాలుగోవంతే మిగులుతుంది. వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక దగ్గర ఉన్న ట్రాన్స్‌మీటర్ శక్తి 20 వాట్లు పైచిలుకు, చిన్న బల్బు లాంటిది. 1977లో బయల్దేరి ఇప్పుడు 2,400 కోట్ల కిలోమీటర్లు దాటింది. అక్కడి నుంచి సిగ్నల్ రావడానికి 22 గంటలకి పైనే పడుతుంది. దారిలో అరిగిపోయి కాదు, విపరీతంగా పరుచుకుపోయి బలహీనంగా వస్తుంది. అందుకే వినడానికి 70 మీటర్ల డిష్‌లు కావాలి.

కొలబద్ద
విశ్వం వ్యాకోచం వల్ల మాత్రం శక్తి తగ్గుతుంది, అది వదిలేయకూడదు. 1965లో పెంజియాస్, విల్సన్ ప్రకటించిన విశ్వ నేపథ్య వికిరణం మహావిస్ఫోటం (బిగ్ బ్యాంగ్) జరిగిన సుమారు 3,80,000 ఏళ్లకి బయల్దేరిన కాంతి. అప్పుడు దాని తరంగం ఎంత పొడవుందో ఇప్పుడు అంతకి దాదాపు 1,100 రెట్లు సాగింది. కంటికి కనబడే దగ్గర మొదలై మైక్రోవేవ్ అయిపోయింది. ఆగలేదు, సాగింది.

పగటిచుక్క
అయితే ఇంకో మాట. సూర్యుడికీ మనకీ మధ్య అంతా వెలుగు ప్రవహిస్తుంటే అంతరిక్షం నల్లగా ఎందుకు?

ల్యాబ్_గది
చీకటి గదిలో కిటికీ సందులోంచి ఎండ పడినప్పుడు ఒక స్తంభంలా కనబడుతుంది కదా, దాంట్లో నలకలు తేలుతూ. మీరు చూసేది ఆ నలకల మీద పడి మీ కంటికి తిరిగిన కాంతిని. నలకలు లేకపోతే స్తంభమే కనబడదు. పక్కనుంచి పోయే కాంతి కనబడదు, కంట్లోకి వచ్చిందే కనబడుతుంది. అంతరిక్షంలో నలకలూ లేవు, గాలీ లేదు. చంద్రుడి మీద పట్టపగలు కూడా ఆకాశం నల్లగా ఉండేది అందుకే.

రెండో_బెంచి
ఫోటాన్‌కి కాలం ఆగిపోతుందట, కాబట్టి దాని దృష్టిలో ప్రయాణమే లేదట. అలా చదివాను.

లెక్కల_మాస్టారు
వినడానికి బాగుంటుంది గానీ పాపకి ఇది చెప్పకండి. కాంతితో పాటు కూర్చుని చూసే చోటు అనేదే సాపేక్షతా సిద్ధాంతంలో లేదు. కాంతి ఎవరు చూసినా సెకనుకి 2,99,792.458 కిలోమీటర్ల వేగంతోనే పోవాలి. దాని పక్కన కూర్చుంటే అది నిలబడి కనబడాలి, అది కుదరదు. "ఫోటాన్ దృష్టి" అన్న మాటకే అర్థం లేదు.

ఇంకో సంగతి, ఈ వేగం కాంతి ఒక్కదాని సొంతం కాదు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగం (గురుత్వాకర్షణలో వచ్చిన మార్పు మోసుకొచ్చే కబురు), గామా కాంతి రెండూ సుమారు 13 కోట్ల ఏళ్లు ప్రయాణించి 1.7 సెకన్ల తేడాతో ఇక్కడికి చేరాయి. శూన్యంలో ఏ కబురైనా పోగలిగిన గరిష్ఠ వేగం అది. కాంతిని ముందు కొలిచాం కాబట్టి దాని పేరు పెట్టాం.

శూన్యవాది
13 కోట్ల ఏళ్లకి 1.7 సెకన్లు! దీన్ని రెండుసార్లు చదివాను.

ప్రశ్నార్థకం
సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాను. అయస్కాంతం, గుండుసూది, మధ్యలో కాగితం. "కాగితం పక్కకి తీస్తే గాలి ఉంది, గాలి కూడా తీసేస్తే?" అన్నాను. "అయినా అంటుకుంటుంది" అంది వెంటనే. "ఇప్పుడు అయస్కాంతాన్ని ఊపితే?" అన్నాను. కాసేపు సూదినీ అయస్కాంతాన్నీ మార్చి మార్చి చూసి, "సూదికి కబురు పోవాలి... ఓ, ఆ కబురేనా వెలుగు!" అంది. రేడియో గారూ, మీ మాటే వాడాను. "8 నిమిషాల కిందటి కబురు" అని కిటికీలోంచి ఎండ కేసి చూసింది.

ల్యాబ్ గది గారి ఫోన్ కథ రెండుసార్లు చెప్పించుకుంది. ఇప్పుడు మీకు ఆవిడ ప్రశ్న: "ఫోన్‌ని దారంతో వేలాడదీయకపోతే శబ్దం బల్లలోంచి వచ్చేస్తుందన్నారు. మరి చంద్రుడి మీద గాలి లేకపోయినా నేల ఉంది కదా. అక్కడ నేలకి ఏదైనా కొడితే దూరంగా తెలుస్తుందా?"

ల్యాబ్_గది
తెలుస్తుందమ్మా! 1969 నవంబరులో అపోలో 12 వ్యోమగాములు అక్కడ ఒక సీస్మోమీటర్, అంటే నేల కంపనాలు కొలిచే పరికరం, పెట్టి వచ్చారు. తర్వాత ఖాళీ అయిన తమ లూనార్ మాడ్యూల్ (చంద్రుడి మీద దిగిన వాహనం) పై భాగాన్ని కావాలనే చంద్రుడి మీద పడేశారు. నేల కంపించడం దాదాపు గంటసేపు ఆగలేదు. ఆ కంపనం పరికరం దాకా వచ్చింది రాళ్లలోంచి, పరికరం నుంచి భూమికి వచ్చింది రేడియోలో.

రెండో_బెంచి
ఒకే వార్త, సగం దారి శబ్దంగా, సగం దారి కాంతిగా. పాపకి చెప్పండి, తర్వాతి ప్రశ్న కోసం ఇక్కడే ఉన్నాం.